నర్సు ఉద్యోగం చేస్తూ హెల్త్ కమ్యూనికేషన్ సర్టిఫికెట్ చేయొచ్చా? నా అనుభవం

చెల్లీ, నువ్వు అడిగింది ఇదీ: బీఎస్సీ నర్సింగ్ చేసి దేవరకొండలో పనిచేస్తున్నావు. ఒక విదేశీ యూనివర్సిటీ ఆన్‌లైన్‌లో ఇచ్చే హెల్త్ కమ్యూనికేషన్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ చేయాలని ఉంది. ఫీజు లక్షల్లో ఉంది. ఉద్యోగం మానేసి చదవాలా, చదివితే మన దగ్గర పనికొస్తుందా, ఇంగ్లీషు అంటే భయంగా ఉంది, ఏం చేయాలి?

నేను నల్లగొండలో ఒక స్వచ్ఛంద సంస్థలో తాగునీళ్లు, టీబీ మీద పనిచేస్తాను. ఇలాంటి సర్టిఫికెట్టే ఉద్యోగం చేసుకుంటూ పూర్తి చేశాను. కాబట్టి ముందే చెప్పేస్తున్నా: చదువు, కానీ ఉద్యోగం మాత్రం మానకు. ఈ చదువులో రాత్రి చదివింది పొద్దున ఎవరి ముందైనా పెట్టి చూడాలి. నీ చేతిలో వార్డు ఉంది, ఓపీ ఉంది, తండాల నుంచి వచ్చే మనుషులున్నారు. ఉద్యోగం మానితే అవన్నీ పోతాయి, పుస్తకమొక్కటే మిగులుతుంది.

ముందు ఆ కోర్సు ఏంటో చెప్తాను. డిగ్రీ అయ్యాక చేసేది, మాస్టర్స్ కంటే చిన్నది. మామూలుగా నాలుగు నుంచి ఆరు సబ్జెక్టులుంటాయి. ఆస్ట్రేలియాలో ఫుల్‌టైమ్ అయితే ఆరు నెలలు, పార్ట్‌టైమ్ అయితే దాదాపు ఏడాది. జనం ఆరోగ్యం గురించి ఎలా నిర్ణయం తీసుకుంటారు, ప్రచారం ఎలా ప్లాన్ చేయాలి, సందేశాన్ని జనంలోకి వదిలే ముందు ఎలా పరీక్షించాలి, ఫలితం ఎలా కొలవాలి, ఇవీ అందులోని విషయాలు. చాలా యూనివర్సిటీలు ఈ క్రెడిట్లను తర్వాత తమ మాస్టర్స్‌లో కలుపుకుంటాయి. నువ్వు చూస్తున్న యూనివర్సిటీ కలుపుకుంటుందో లేదో ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెలుసుకో.

నా ఆలోచన మార్చింది మొదటి సబ్జెక్టే. అందులో హెల్త్ బిలీఫ్ మోడల్ అని ఒకటి చెప్తారు. అది పుట్టిందే టీబీ దగ్గర. 1950లలో అమెరికాలో టీబీ కనిపెట్టడానికి ఎక్స్‌రే వ్యాన్లను జనం ఉండే చోటికే పంపేవాళ్లు, అదీ ఉచితంగా. అయినా చాలామంది వచ్చేవాళ్లు కాదు. ఎందుకు రావట్లేదని అక్కడి ప్రజారోగ్య శాఖలోని మనస్తత్వ శాస్త్రవేత్తలు వెతికారు. మనిషి కదలాలంటే ఆ జబ్బు తనకు రావచ్చని అనిపించాలి, వస్తే నష్టం పెద్దదని అనిపించాలి, చెప్పిన పని చేస్తే మేలుందని నమ్మాలి, ఆ పనికి అడ్డుపడేవి తక్కువగా ఉండాలి. పైగా ఎవరో ఒకరు లేదా ఏదో ఒకటి ఆ రోజు గుర్తు చేయాలి. ఈ పని నేను చేయగలను అన్న ధైర్యం కూడా కావాలని తర్వాత చేర్చారు.

ఇది చదివాక మర్రిగూడ, మునుగోడు వైపు మా పనిని కొత్త కళ్లతో చూశాను. అక్కడ బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ చెడ్డదని ఎవరికీ చెప్పనక్కర్లేదు. గార పట్టిన పళ్లు, వంగిన కాళ్లు, కూర్చుంటే లేవనివ్వని నడుములు తరాలుగా ప్రతి వాడలో ఉన్నాయి. ప్రమాదం ఎంత పెద్దదో వాళ్లకు నాకంటే బాగా తెలుసు. మిషన్ భగీరథ నల్లా ఇంటి ముందుకొచ్చింది. అయినా కొన్ని ఇళ్లలో తాగడానికి బోరు నీళ్లే ఎందుకు పడుతున్నారు? మేము ప్రతి మీటింగులో మళ్లీ ఫ్లోరైడ్ భయమే చెప్పేవాళ్లం. కోర్సు అసైన్‌మెంట్ కోసమని అడ్డంకుల మీద ప్రశ్నలు రాసుకుని ఇంటింటికీ వెళ్తే ఒక పెద్దమ్మ రెండు మాటల్లో తేల్చేసింది: "గా బోరు నీళ్లు తియ్యగుంటయ్ బిడ్డా. గీ నల్లా నీళ్లు మందు వాసనొస్తయ్." ఇంకో ఇంట్లో నల్లా ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చే టైముకు అందరూ పత్తి చేన్ల మీద ఉంటారు.

అంటే అడ్డం పడుతున్నది క్లోరిన్ వాసన, నల్లా వచ్చే టైము. ఆ రెండింటికీ భయం మందు కాదు. పట్టిన నీళ్లను వెడల్పు గిన్నెలో, పైన పలుచని బట్ట కప్పి కొంతసేపు ఉంచితే వాసన చాలావరకు పోతుంది, తర్వాత కుండలో పోసుకోండి అని చెప్పడం మొదలుపెట్టాం. టైము సంగతి గ్రామ పంచాయతీతో మాట్లాడాం. వినడానికి చిన్న విషయాలే. కానీ ఎన్నేళ్లు భయం చెప్పినా కదలని ఇళ్లలో కొన్ని కదిలాయి.

ఇంకో సంగతి, ఇది నీకు వార్డులోనూ పనికొస్తుంది. వానాకాలం విరేచనాలు రాకుండా "నీళ్లు కాచి తాగండి" అని అందరం చెప్తాం. అది సరైన సలహానే, క్రిములు చస్తాయి. కానీ కాస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని గాఢత ఇంకా పెరుగుతుంది. మన ప్రమాణాల ప్రకారం తాగునీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా. అది దాటిన బోరు నీళ్లను ఒక తల్లి శ్రద్ధగా కాచి చిన్నపిల్లకు తాగిస్తుంటే, ఆమె మన మాట విన్నందుకే పిల్లకు నష్టం. శాశ్వత దంతాలకు ఎనామిల్ కట్టేది ఆ చిన్న వయసులోనే, అప్పుడు పడిన గార మళ్లీ పోదు. అందుకే మన జిల్లాలో "కాచి తాగండి" అన్న మాట పక్కనే "ఏ నీళ్లు" అన్నది కూడా ఉండాలి. ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో అచ్చు వేసిన పోస్టర్‌లో ఆ ముక్క ఉండదు. దాన్ని చేర్చాల్సింది ఇక్కడ ఉండే నువ్వూ నేనూ.

పోస్టర్ అంటే గుర్తొచ్చింది. జనంలోకి వదిలే ముందు పరీక్షించడం అని కోర్సులో ఒక పాఠం ఉంటుంది. కాళ్లు వంగిన పిల్లవాడి బొమ్మతో మేము ఒక పోస్టర్ తయారు చేయించి, ఉపాధి హామీ పని దగ్గర అన్నాలు తినే వేళ ఆడవాళ్లకు చూపించాను. కింద రాసింది చదవకుండా బొమ్మ చూసి చెప్పమంటే ఎక్కువమంది "పోలియో" అన్నారు. పోలియో చుక్కల ప్రచారం అంత బలంగా మనసులో పడింది మరి. బొమ్మ మార్చి, బోరు, నల్లా, పక్కపక్కనే రెండు బిందెలు పెట్టాం. ప్రింటింగ్‌కు ఇచ్చే ముందు ఒక గంట ఖర్చు పెడితే ఇంత తెలుస్తుందని ఆ కోర్సు లేకపోతే నాకు తట్టేది కాదు.

నల్లగొండ టెక్నిక్ గురించి కూడా ఆ కోర్సులో రాశాను. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారు చేసిన పద్ధతి అది: నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించడం. మన ఊరి పేరుతో టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. కానీ ఇంట్లో చేయాలంటే రోజూ కొలిచి కలపాలి, తేరుకునేదాకా ఆగాలి, అడుగున మిగిలిన బురదను ఎక్కడో పారబోయాలి. ఆ పనంతా పడేది ఇంటి ఆడవాళ్ల మీద. పద్ధతి ఎంత మంచిదైనా, రోజూ చేసే మనిషి చేతుల గురించి అడగకుండా సందేశం రాయకూడదు. క్లాసులో దీని మీదే ఎక్కువ చర్చ జరిగింది. నల్లగొండ పేరు ముందే విన్నవాళ్లు అందులో ఉండటం నాకు ఎంతో గర్వమనిపించింది.

టీబీలో నాకు బాగా ఉపయోగపడింది టీచ్ బ్యాక్, అంటే మనం చెప్పింది వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించుకోవడం. "అర్థమైందా?" అని అడిగితే అందరూ తల ఊపుతారు. దాని బదులు "ఇంటికెళ్లాక మీ ఆయనకు ఈ మాత్రల గురించి ఎలా చెప్తావమ్మా?" అని అడుగు. ఆమె చెప్పేదాన్ని బట్టి మనం ఎక్కడ సరిగ్గా చెప్పలేదో తెలుస్తుంది. మామూలు టీబీకి ఆరు నెలలు మందులు వాడాలి. రెండో నెలకల్లా దగ్గు తగ్గి, ఒంట్లో బాగుందని మానేసేవాళ్లు ఉంటారు. పాలమూరు వైపు నుంచి ముంబై, పుణె పనులకు పోయేవాళ్లలో ఇది పెద్ద సమస్య. "వెళ్లే ముందు మాకు చెప్పండి, నిక్షయ్‌లో (టీబీ రోగుల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) మీ వివరాలున్నాయి, అక్కడి సర్కారు దవాఖానలోనూ మందులిస్తారు" అని చెప్పి, అదే మాట వాళ్ల నోట చెప్పించుకోవాలి. పోషణ కోసం నెలకు ఇచ్చే డబ్బు 2024 నవంబర్ నుంచి 500 నుంచి 1000 రూపాయలైంది, అది కూడా చెప్పు.

నువ్వు ప్రసూతి వార్డులో ఉంటే నీ ప్రాజెక్టుకు విషయం కళ్ల ముందే ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5, 2019-21) లెక్కల్లో తెలంగాణలో సిజేరియన్లు 60.7 శాతం, దేశంలోనే ఎక్కువ. గర్భిణికి ఎంత చెప్పినా ముహూర్తం పెట్టించేది అత్తగారో, తల్లో అయితే సందేశం ఎవరికి చేరాలి? దీన్ని నీ అంత దగ్గర నుంచి చూసే అవకాశం విదేశాల్లో చదివేవాళ్లకు లేదు.

ఇంగ్లీషు సంగతి. ప్రతి వారం చదివి, రాసి, డిస్కషన్‌లో జవాబులు పెట్టాలి. మొదటి నెలలు టెన్షన్‌గానే ఉంటుంది. మన నర్సింగ్ పుస్తకాలు చదివినదానివి, చదవడం నీకు కష్టం కాదు. రాయడం అలవాటు కావాలి. చాలా యూనివర్సిటీల్లో రైటింగ్ సెంటర్ ఉంటుంది, అది నీ ఫీజులో భాగమే, మొహమాటపడకుండా వాడుకో. అమెరికా అయితే లైవ్ క్లాసు వాళ్ల సాయంత్రం, అంటే మనకు తెల్లవారుజాము. నైట్ డ్యూటీలు ఉన్నదానివి కాబట్టి, రికార్డింగ్ చూస్తే హాజరు ఇస్తారా అని చేరకముందే అడుగు.

ఉద్యోగం గురించి దాపరికం లేకుండా చెప్తాను. ప్రభుత్వ పోస్టులకు నోటిఫికేషన్‌లో రాసిన అర్హతే అర్హత, విదేశీ సర్టిఫికెట్ చూపిస్తే సరిపోతుందని అనుకోకు. ఉపయోగం ఎక్కువగా స్వచ్ఛంద సంస్థల్లో, ప్రాజెక్టుల్లో, పరిశోధనల్లో, ఆసుపత్రుల పేషెంట్ ఎడ్యుకేషన్ విభాగాల్లో. నాకు దీని వల్ల జీతం పెద్దగా పెరగలేదు. కానీ ప్రచార సామగ్రి తయారు చేసే పని నా చేతికొచ్చింది, నేను కోరుకున్నదీ అదే.

ఫీజు కోసం అప్పు చేయాల్సి వస్తే, బంగారం తాకట్టు పెట్టాల్సి వస్తే మాత్రం వద్దంటాను. అలాంటప్పుడు మన దేశంలోనే హెల్త్ ప్రమోషన్ అండ్ ఎడ్యుకేషన్ పీజీ డిప్లొమా చూడు. తమిళనాడులోని గాంధీగ్రామ్ గ్రామీణ ఆరోగ్య సంస్థ, కోల్‌కతాలోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్ ఈ చదువుకు ఎప్పటి నుంచో పేరున్నవి. కాకపోతే అక్కడికి వెళ్లి ఉండి చదవాలి, సెలవు దొరకాలి. సెలవు దొరికేలా ఉంటే ఈ ఏడాది ప్రవేశాల ప్రకటన చూసి అడుగు.

విదేశీ కోర్సే అనుకుంటే ఇప్పుడే ఒక పని మొదలుపెట్టు. డిశ్చార్జి టైములో మీరు చెప్పే జాగ్రత్తల్లో ఒక్కటి తీసుకో, ఇన్సులిన్ ఎక్కడ దాచాలన్నదైనా సరే. కొంతమందితో టీచ్ బ్యాక్ చేసి, వాళ్లు తిరిగి ఏం చెప్పారో పేర్లు లేకుండా రాసిపెట్టు. లంబాడీ ఆడవాళ్లతో వాళ్ల భాషలో చెప్పించినప్పుడు ఏం తేడా వచ్చిందో కూడా రాయి. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో (ఈ కోర్సు ఎందుకు చేయాలనుకుంటున్నావో దరఖాస్తుతో పాటు రాసేది) "ప్రజాసేవ చేయాలని చిన్నప్పటి నుంచి కోరిక" అని అందరూ రాస్తారు. నీది ఆ పరిశీలనతో మొదలవ్వాలి. ట్రాన్స్‌క్రిప్ట్‌ల (యూనివర్సిటీ ఇచ్చే మార్కుల పత్రాలు) కోసం వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీకి దరఖాస్తు కూడా ముందే పెట్టు. గడువు దగ్గరపడ్డాక పెడితే అవి చేతికొచ్చేదాకా ఊపిరాడదు. స్టేట్‌మెంట్ రాశాక ఇక్కడే పెట్టు, చదివి చెప్తాను.