12 నిమిషాలకి 38 స్లైడ్లా తమ్ముడూ?

తమ్ముడూ,

నీ ఫైల్ రాత్రే తెరిచాను, పొద్దున లేచి మళ్ళీ చూశాను. 38 స్లైడ్లు. కాన్ఫరెన్స్‌లో నీకిచ్చింది 12 నిమిషాలు, ప్రశ్నలకి ఇంకో 3. పని బాగా చేశావు, అందులో నాకే అనుమానమూ లేదు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో చూడడానికి ఎండలో ఊరూరా తిరిగి బోర్ల దగ్గర సీసాలు నింపుకొచ్చి, ల్యాబ్‌లో ఒక్కో నమూనా రెండేసి సార్లు కొలిచినవాడివి, ఆ శ్రమంతా తెర మీద కనబడాలని నీకు అనిపించడం సహజమే. చిక్కంతా అక్కడే ఉంది. హాల్లో కూర్చున్నవాళ్ళు పొద్దుటినుంచి పదిమంది మాటలు విని ఉంటారు, భోజనం చేసి వచ్చి ఉంటారు, నీకేం దొరికిందో నువ్వు త్వరగా చెబితే బాగుండునని చూస్తుంటారు.

వ్యాసాలు రాయడంలోకి రాకముందు నేనూ ల్యాబ్‌లో ఉన్నదాన్నే కదా. నా మొదటి కాన్ఫరెన్స్‌లో నేపథ్యం, పాత పరిశోధనలు, పద్ధతి, పరికరం ఫొటో, ఇవన్నీ ఓపిగ్గా చెప్పుకుంటూ పోయాను. ఫలితం దాకా రాకముందే బెల్ కొట్టారు. మిగిలిన స్లైడ్లు గబగబా తిప్పేసి దిగిపోయాను. టీ దగ్గర ఒక పెద్దాయన వచ్చి, "ఇంతకీ ఏం తేలిందమ్మా?" అని అడిగారు. ఆయన నిజంగా తెలుసుకోవాలనే అడిగారు, అందుకే ఆ మాట ఇన్నేళ్ళయినా పోలేదు. రెండేళ్ళ పని ఆ హాల్లో ఒక్కరికీ చేరలేదు. నీకలా జరగకూడదనే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు ల్యాప్‌టాప్ మూసెయ్. ఒక కాగితం తీసుకుని నీ పనంతా ఒక్క వాక్యంలో రాయి. నీ టేబుల్స్ చదివి నేను రాసుకున్నది ఇది: "మేం చూసిన మండలాల్లో బోరు లోతు పెరిగేకొద్దీ నీళ్ళలో ఫ్లోరైడ్ పెరుగుతోంది, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన బోర్లలో ఎక్కువ లోతైనవే." సరిగ్గా రాశానో లేదో నువ్వే చెప్పాలి. ఆ వాక్యం కుదిరాక ఒక్కో స్లైడ్‌నీ పట్టుకుని, ఇది లేకపోతే ఆ వాక్యాన్ని ఎవరైనా నమ్మకుండా పోతారా అని అడుగు. నమ్ముతారు అనిపిస్తే తీసెయ్. ఉదాహరణకి నల్లగొండ పద్ధతి మీద నాలుగు స్లైడ్లు పెట్టావు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తిప్పి, తేర్చి, వడగట్టి ఫ్లోరైడ్ తగ్గించే ఆ పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది, దానికి మన జిల్లా పేరే పెట్టారు, అది నీకు గర్వంగా ఉంటుంది, నాకూ ఉంటుంది. కానీ నీ పని నీళ్ళని శుద్ధి చెయ్యడం మీద కాదు కదా. నాలుగూ తీసెయ్. ఎవరైనా అడిగితే చూపించడానికి చివరి స్లైడ్ తర్వాత దాచి పెట్టుకో. చరిత్ర కూడా అంతే. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా ఊళ్ళలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు గురించి డాక్టర్లు రాశారు అన్న ఒక్క మాట నోటితో చెబితే చాలు, అంత పాత సమస్య అని అందరికీ అర్థమైపోతుంది.

తర్వాత శీర్షికలు. నీవన్నీ "పరిచయం", "పద్ధతులు", "ఫలితాలు 1", "ఫలితాలు 2" అని ఉన్నాయి. ఇవి పుస్తకంలో విషయసూచికకి పనికొస్తాయి. స్లైడ్ పైన ఒక పూర్తి వాక్యం ఉండాలి, కింద ఆ వాక్యానికి సాక్ష్యంగా ఒక బొమ్మో గ్రాఫో ఉండాలి. అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీలో మైకేల్ ఆలీ ఇంజినీరింగ్ పిల్లలకి ఏళ్ళ తరబడి నేర్పింది ఈ తీరే. "ఫలితాలు 2" తీసేసి "లోతైన బోర్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ" అని రాసి చూడు. రాయడానికి ప్రయత్నించినప్పుడు ఒక్కోసారి వాక్యం రాదు. అప్పుడు తప్పు నీ భాషది కాదు, ఆ స్లైడ్‌లో చెప్పడానికి ఏమీ లేదన్నమాట. ఇంకోసారి రెండు వాక్యాలొస్తాయి, అప్పుడు దాన్ని రెండు స్లైడ్లు చెయ్యి.

శీర్షిక మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. కొలంబియా నౌక గురించి నీకు తెలుసు, కల్పనా చావ్లా పోయిన నౌక. 2003 జనవరి 16న ఎగిరింది. పైకి లేచిన 82 సెకన్లకి పెద్ద ఇంధన ట్యాంకు మీంచి నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకి తగిలింది. నౌక ఇంకా పైన తిరుగుతుండగానే, ఆ దెబ్బ ఎంత ప్రమాదమో ఇంజినీర్లు లెక్కలు వేసి నాసా అధికారులకి స్లైడ్లు చూపించారు. అందులో ఒక స్లైడ్‌ని సమాచారాన్ని బొమ్మల్లో ఎలా చూపించాలో పుస్తకాలు రాసిన ఎడ్వర్డ్ టఫ్టీ అనే ఆయన తర్వాత లైను లైనుగా విప్పి చూపించారు, ప్రమాదంపై విచారణ జరిపిన బోర్డు తన నివేదికలో దాన్ని అచ్చువేసింది. పైన శీర్షిక చదివితే పరీక్షల ప్రకారం భయం లేదన్నట్టే ఉంటుంది. కింద బుల్లెట్ల లోపల బుల్లెట్లు, వాటి లోపల ఇంకా చిన్న అక్షరాలు. అట్టడుగున, అన్నిటికన్నా చివర, అసలు సంగతి: రెక్కకి తగిలిందని అనుకుంటున్న ముక్క 1920 ఘనపుటంగుళాలు, పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలు. అంటే 640 రెట్లు పెద్దది. ఆ పరీక్షలు ఈ దెబ్బ గురించి దాదాపు ఏమీ చెప్పలేవని ఆ ఒక్క లైనులోనే ఉంది. అది శీర్షికలో ఉండాల్సిన మాట. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ నౌక గాల్లోనే ముక్కలైంది, ఏడుగురూ చనిపోయారు. రెక్క పగిలింది నురుగు దెబ్బకి, ఆ నిర్ణయాల వెనక కారణాలు చాలా ఉన్నాయి, అంతా ఒక స్లైడ్ మీద తోసెయ్యడం న్యాయం కాదు. అయినా ఎవరో ఒకరికి ఆ సంఖ్య తెలుసు, వాళ్ళు దాన్ని రాశారు కూడా, కానీ చదివేవాళ్ళ కంటికి అది అందలేదు. ఆ స్లైడ్ బొమ్మ చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

బుల్లెట్ల సంగతి కూడా అందులోనే వచ్చేసింది కాబట్టి మళ్ళీ చెప్పను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో, మనిషి చదువుతూ వినలేడు. తెర మీద ఆరు లైన్లు పెడితే జనం నీకన్నా ముందే చదివేస్తారు, ఈలోగా నువ్వు చెప్పింది వాళ్ళ చెవికెక్కదు. నీకు గుర్తుండడానికి రాసుకున్న మాటలన్నీ కింద నోట్స్‌లోకి పంపెయ్, తెర మీది జాగా వాళ్ళ కళ్ళకి వదిలెయ్.

ఇప్పుడు నీ గ్రాఫ్‌ల దగ్గరికి వస్తాను, అసలు పనంతా ఇక్కడే ఉంది. లోతుకీ ఫ్లోరైడ్‌కీ వేసిన చుక్కల గ్రాఫ్ చాలా మంచిది, కానీ దాన్ని పేపర్ కోసం గీసిన ఫైల్లోంచి అలాగే తెచ్చి అతికించావు. పేపర్లో చదివేవాడు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని పది నిమిషాలు చూడగలడు, హాల్లో వెనక బెంచీలో ఉన్నవాడికి నిమిషమే ఉంటుంది. అక్షాల మీద అంకెలు పెద్దవి చెయ్యి. పక్కన పెట్టె గీసి అందులో రంగులకి అర్థాలు రాయడం మానేసి, ఏ చుక్కల గుంపు ఏ మండలమో ఆ గుంపు పక్కనే రాయి. 1.5 దగ్గర అడ్డంగా ఒక గీత గీసి దాని మీద "దీని పైన తాగకూడదు" అని రాయి. చుక్కల మీది నిలువు గీతలు స్టాండర్డ్ డీవియేషనో (కొలతలు ఎంత చెదిరి ఉన్నాయో) స్టాండర్డ్ ఎర్రరో (సగటు ఎంత అటూఇటూ కావచ్చో) ఎక్కడా రాయలేదు, నిన్ను అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

చెప్పేటప్పుడు కూడా ఒక వరస ఉంది, చాలామంది దీన్ని దాటేస్తారు. గ్రాఫ్ రాగానే "చూశారుగా, పెరుగుతోంది" అనకు. వాళ్ళింకా ఏమీ చూడలేదు. "అడ్డంగా ఉన్నది బోరు లోతు, మీటర్లలో, నిలువుగా ఉన్నది ఫ్లోరైడ్, ఒక్కో చుక్క ఒక్కో బోరు" అని చెప్పు. తర్వాత ఒక్క చుక్క చూపించు, "ఇది బడి దగ్గర బోరు, ఇంత లోతు, ఇంత ఫ్లోరైడ్". అప్పుడు మొత్తం గుంపు వైపు చెయ్యి చూపించి అది ఎటు ఎక్కుతోందో చెప్పు. దీనికి ఇరవై సెకన్లు పడుతుంది, ఆ ఇరవై సెకన్లలో హాలంతా నీతో పాటు ఆ గ్రాఫ్ లోపలికి వచ్చేస్తుంది. లేజర్ లైటు వాడకు. చెయ్యి వణికితే ఆ చుక్క గోడంతా తిరుగుతుంది, ఎవరికైనా అంతే. బాణం గుర్తు స్లైడ్‌లోనే గీసి పెట్టుకో.

రంగులు. మ్యాప్‌లో మంచి బోర్లు ఆకుపచ్చ, చెడ్డవి ఎరుపు పెట్టావు. ఆ రెండూ ఒకేలా కనిపించే మగవాళ్ళు ప్రతి పెద్ద హాల్లోనూ కొందరుంటారు, యూరప్ మూలాలున్నవాళ్ళలో అయితే వంద మంది మగవాళ్ళకి ఎనిమిదిమంది దాకా. నీలం, నారింజ వాడు, పైగా చెడ్డ బోరుకి గుండ్రం బదులు త్రికోణం పెట్టు. ఇంకో మ్యాప్‌లో ఇంద్రధనుస్సు రంగులున్నాయి చూడు, అది ఇంకా ప్రమాదం. లెక్క నెమ్మదిగా మారుతున్న చోట కూడా పసుపు పట్టీ ఒకటి కొట్టొచ్చినట్టు కనబడి అక్కడేదో గట్టు ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. నువ్వు గ్రాఫ్‌లు గీయడానికి వాడే మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాళ్ళే 2017లో ఆ రంగుల్ని పక్కనపెట్టి, ముదురు ఊదా నుంచి పసుపు దాకా సమంగా మారే విరిడిస్‌ని ముందుంచారు. నీ కోడ్‌లో ఎవరో పాతది మళ్ళీ రాసినట్టున్నారు, ఆ ఒక్క పదం మార్చు.

ఫాంట్ గురించి అడిగావు. దానికి పెద్ద టెన్షన్ పడకు. 2012 జూలై 4న యూరప్‌లోని పెద్ద భౌతికశాస్త్ర ప్రయోగశాల సెర్న్‌లో హిగ్స్ బోసాన్ అనే సూక్ష్మకణం దొరికిందని చెప్పినప్పుడు అక్కడి శాస్త్రవేత్త ఫాబియోలా జనోటీ స్లైడ్లు కామిక్ సాన్స్‌లో ఉన్నాయి. దాని మీద లోకమంతా మాట్లాడింది, కానీ అందరూ చప్పట్లు కొట్టింది ఆ గ్రాఫ్‌లో లేచిన చిన్న గుబ్బ చూసి. వెనక వరసకి కనబడేంత పెద్దదిగా, తెలుపు మీద నలుపుగా ఉంటే చాలు.

ఇక మాట్లాడటం. గదిలో నిలబడి, గొంతు విప్పి, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని కనీసం ఐదుసార్లు చెప్పు. మనసులో చదువుకుంటే లెక్కలోకి రాదు, మనసులో అందరూ తొమ్మిది నిమిషాల్లోనే ముగిస్తారు. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు కంఠస్థం చెయ్యి, మధ్యలోది నీకు వచ్చిన మాటల్లో చెప్పు. ఇంగ్లీషులో చెప్పాలి కాబట్టి భయమన్నావు. చిన్న వాక్యాలు వాడు, వాక్యం అయ్యాక ఒక ఊపిరి తీసుకో. మనవాళ్ళం ఇంగ్లీషులోకి వెళ్ళగానే పరిగెత్తుతాం, యాస వల్ల కాదు, ఆ పరుగు వల్లే అర్థం కాకుండా పోతుంది.

ఎవరైనా ప్రశ్న అడిగితే దాన్ని నువ్వొకసారి తిరిగి చెప్పు, వెనకవాళ్ళకి వినబడుతుంది, నీకూ ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. తెలియకపోతే "మేం అది కొలవలేదు" అను. ఆ మాట విన్నప్పుడు నాకు మనిషి మీద గౌరవం పెరుగుతుంది, అల్లుకుపోయేవాళ్ళ మీద తగ్గుతుంది. చివర్లో "థాంక్యూ" అని గులాబీ పువ్వు స్లైడ్ పెట్టావు, అది తీసేసి నీ ముగింపు వాక్యాన్నీ ఆ చుక్కల గ్రాఫ్‌నీ తెర మీద ఉంచెయ్, ప్రశ్నలు నడిచినంతసేపూ అందరూ దాన్నే చూస్తుంటారు. పీడీఎఫ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి మెయిల్లో ఉంచుకో. ఊరి పేర్లు తెలుగులో రాసినచోట యూనికోడ్ ఫాంటేనా చూసుకో, యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో ఉంటే అక్కడి కంప్యూటర్‌లో పిచ్చి గీతలు వస్తాయి.

ఇంకొకటి. ఫలితాలు ఆ ఊళ్ళకి కూడా వెళ్ళి చెబుతానని పోయినసారి అన్నావు, అది నాకు కాన్ఫరెన్స్ కన్నా ముఖ్యం. అక్కడ ప్రొజెక్టర్ ఉండదు. పెద్ద చార్ట్ మీద ఊరి మ్యాప్ గీసి, నీలం గుండ్రాలూ నారింజ త్రికోణాలూ పెట్టి గోడకి తగిలించు. వాళ్ళ బోరు ఎక్కడుందో వాళ్ళే వేలు పెట్టి చూపిస్తారు. "కాచి తాగితే పోతుందా సారూ?" అని అడుగుతారు, పోదని స్పష్టంగా చెప్పు, నీళ్ళు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్ళలో ఫ్లోరైడ్ చిక్కనవుతుందని చెప్పు. తర్వాత అడిగేది ఒక్కటే, "మా బోరు నీళ్ళు తాగొచ్చా?" దానికి జవాబు నీ ఫైల్లో ఎక్కడుందో రాత్రి వెతికాను. 31వ స్లైడ్‌లో, చిన్న అక్షరాల టేబుల్‌లో, నాలుగో వరసలో ఉంది. దాన్ని ముందుకి తీసుకురా. ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి, మొత్తం చెప్పు, నేను టైమర్ పెట్టుకుని వింటాను.

నీ అక్క