పాఠకుల ప్రశ్న: అమ్మ వయసు, అన్నయ్య వాక్యం

ప్రశ్న: మా అమ్మ గత మాఘమాసంలో కన్నుమూసింది. ఆమె పుట్టి పెరిగింది అనంతగిరి కొండల్లో, త్యాడ వైపున్న ఒక చిన్న గూడెంలో. మాది కొండదొర అనే గిరిజన తెగకు చెందిన కుటుంబం. పెళ్ళయ్యాక, పోర్టులో కళాసీగా పనిచేసే నాన్నతో విశాఖపట్నం వచ్చి, చివరిదాకా మర్రిపాలెంలోనే ఉంది. నాన్న జీతం చాలని రోజుల్లో పుట్టింటి నుంచి తెచ్చుకున్న అడ్డాకులతో విస్తళ్ళు కుట్టి, పూర్ణామార్కెట్‌లో అమ్మి, మా ముగ్గురినీ చదివించింది. సంవత్సరీకానికి ఆమె జీవితంపై ఒక చిన్న పుస్తకం వేసి బంధువులకు పంచాలనుకుంటున్నాం. కానీ ఆమె వయసే మాకు సరిగా తెలియదు. ఆధార్ కార్డులో 1940 జనవరి 1 అని ఉంది. బంధువులేమో నూరేళ్ళు నిండాయంటారు. ‘బాంబులు పడ్డ ఏడాది చంటి తమ్ముణ్ణి చంకనేసుకుని మా అమ్మ వెంట ఎస్.కోట (శృంగవరపుకోట) సంతకు దిగాను, పట్నం జనం మూటలతో పారిపోయి వచ్చారు’ అని అమ్మ చెప్పేది. ‘నయాపైసలు వచ్చిన ఏడాదే నా పెళ్ళి’ అనీ, ‘నువ్వు కడుపులో ఉండగా పుట్టింటికి వెళితే, రైలు కోసం కొండను పేలుస్తున్నారు’ అనీ నాతో అనేది. మా అన్నయ్య పుస్తకాన్ని ‘వెనుకబడిన కొండ ప్రాంతంలో పుట్టినా, పట్టుదలతో పిల్లలను ప్రయోజకులను చేసిన త్యాగమూర్తి’ అని మొదలుపెట్టాడు. చదవడానికి బాగానే ఉంది కానీ అందులో మా అమ్మ నాకు కనిపించడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: ముందు వయసు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే దానికి కావలసిన ఆధారాలన్నీ మీ అమ్మగారే చెప్పి వెళ్ళారు. విశాఖపట్నంపై జపాను విమానాలు బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. ఆ దాడికి హడలిపోయిన పట్నవాసులు ఇళ్ళు వదిలి పల్లెలు పట్టారు. ఆనాడు తమ్ముణ్ణి చంకనేసుకుని కొండ దిగగలిగిన పిల్లకు ఆరేడేళ్ళయినా ఉండి తీరాలి. కార్డులోని తేదీని నమ్మితే అప్పటికి ఆమెకే రెండేళ్ళు, ఆమెనే ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. నూరేళ్ళ లెక్కా కుదరదు. నయాపైసలు చెలామణీలోకి వచ్చింది 1957 ఏప్రిల్ 1న కనుక, ఆ లెక్కన ఆమె ముప్పై దాటాక పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టవుతుంది. 1935 ప్రాంతంలో పుట్టారనుకుంటే మాత్రం అన్నీ అమరుతాయి: బాంబుల నాటికి ఏడేళ్ళు, పెళ్ళినాటికి ఇరవై రెండు. మైదానంలో ఆ రోజుల్లో అది ఆలస్యమనిపించవచ్చు గానీ, కొండల్లో ఈడు వచ్చాకే పెళ్ళి చేయడం వాడుక. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గానికి కొండలు తొలిచిన పనులు 1960లలో జరిగాయి. మీరు పుట్టిన ఏడాదితో అది సరిపోతుందో లేదో మీరే చూసుకోగలరు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపానుకు పంపడానికే ఆ మార్గం వేశారు. చిన్నతనంలో ఏ దేశం బాంబులకు జనం పరుగెత్తడం చూశారో, నిండు చూలాలుగా ఉన్నప్పుడు అదే దేశానికి ఖనిజం మోసే దారి కోసం కొండ పేలడం విన్నారన్నమాట. ఈ ముక్క పుస్తకంలో తప్పక చేర్చండి.

కాబట్టి ‘జననం: సుమారు 1935’ అని వేయించండి. తొంభై ఏళ్ళు తక్కువేమీ కాదు, దాన్ని నూరు చేయనక్కరలేదు. జిల్లా పేరు దగ్గర కూడా చిన్న తిరకాసుంది. ఆమె పుట్టినప్పుడు ఆ గూడెం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది; 2022 ఏప్రిల్ 4 నుంచి అది అల్లూరి సీతారామరాజు జిల్లా. ఆమె సంతకు దిగిన ఎస్.కోట 1979లోనే విజయనగరం జిల్లాకు వెళ్ళింది. అప్పటి పేరూ ఇప్పటి పేరూ రెండూ ఇస్తే, రేపు మీ మనవలు వెతుక్కోవడానికి వీలుగా ఉంటుంది.

ఇక మీ అన్నయ్యగారి వాక్యం. అందులో నాకు అభ్యంతరం ‘పుట్టినా’ అన్న మాట చివరి దీర్ఘంతోనే. ఆ ఒక్క దీర్ఘం వల్ల కొండ ఆమెకు అడ్డంకి అయిపోయింది, దాన్ని దాటి రావడమే ఘనత అయిపోయింది. కానీ మీ ఉత్తరంలోనే ఉన్న సంగతి అందుకు విరుద్ధంగా ఉంది: జీతం చాలనప్పుడు ఇల్లు నిలిచింది కొండ నేర్పిన పనితోనే కదా! ‘కొండల్లో పుట్టి, అక్కడ నేర్చిన అడ్డాకు పనితో పిల్లలను చదివించింది’ అంటే సరిపోతుంది. అన్నయ్యగారు నొచ్చుకోకుండా ఈ మార్పు చేయడం మీ నేర్పు.

‘త్యాగమూర్తి’ అన్న మాటను నేను పూర్తిగా తీసివేయమంటాను. ఈ శీర్షికకు వచ్చే స్మృతి వ్యాసాల్లో అది లేనిది అరుదు. ఎవరి అమ్మకైనా అతుకుతుంది కనుక ఏ అమ్మనూ చూపించదు. దానికి బదులు ఆ విస్తళ్ళ దగ్గరే నాలుగు పేజీలు ఆగండి. ఆకు కట్టలు కొండ నుంచి ఎవరు దించేవారు, రైలు రాకముందు ఎలా వచ్చేవి, ఎండిన ఆకు చిట్లకుండా ఆమె ఏం చేసేవారు, పుల్లలు ఎక్కడివి, వందకు ఎంత ఇచ్చేవారు, పెళ్ళిళ్ళు లేని నెలల్లో ఫీజు ఎలా కట్టారు? ఇవన్నీ మీ ముగ్గురూ కూర్చుంటే సగమైనా గుర్తుకొస్తాయి. రాత్రి ఎన్ని గంటల దాకా కుట్టేవారో, పొద్దున్నే చోడి (రాగి) అంబలి ముందు ఎవరి గిన్నెలో పోసేవారో రాస్తే, ఆమె ప్రేమ ఎంతటిదో పాఠకుడే తెలుసుకుంటాడు.

మీరు రాయని సంగతి ఒకటి అడుగుతాను. ఆమె పుట్టింటివారితో వేరే భాషలో మాట్లాడేవారా? కొండదొరల్లో కొందరికి కూబి అనే సొంత భాష ఉంది. పట్నంలో దాన్ని తప్పుడు తెలుగుగా వెక్కిరించినవాళ్ళు ఉండే ఉంటారు. అది తెలుగులాగే ద్రావిడ కుటుంబానికి చెందిన విడి భాష. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో దాని వ్యాకరణంపై గ్రంథమే ప్రచురించారు. ఆమె నోట విన్న పది మాటలు గుర్తున్నా, ఉచ్చారణ చెడకుండా, అర్థంతో సహా అచ్చు వేయించండి.

వీటన్నిటికీ మీకు మిగిలిన పెద్ద దిక్కు, 1942లో ఆమె చంకలో ఉన్న ఆ తమ్ముడే. మీ మేనమామగారు ఉన్నారని అనుకుంటున్నాను. ఉంటే ఆయనకిప్పుడు ఎనభై నాలుగైదేళ్ళుంటాయి. ఫోనులో అడిగితే ‘బాగానే పెంచింది’ అని ఊరుకుంటారు. సంవత్సరీకం పనులు మొదలుపెట్టక ముందే, పొద్దున్నే అరకు వైపు వెళ్ళే రైలెక్కి ఆయన దగ్గరికి వెళ్ళండి, ఒక పూట కూర్చోండి, చెప్పింది చెప్పినట్టు ఫోనులో రికార్డు చేసుకోండి. చిన్నప్పుడు అక్కను ఇంట్లో ఏమని పిలిచేవారో కూడా అడగండి. అది కార్డులోని పేరు కాకపోతే, ముఖచిత్రం మీద రెండు పేర్లూ వేయించండి.