మా బిడ్డ బాక్సర్ అవుతానంటోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మేడమ్‌కు నమస్తే. మాది దేవరకొండ దగ్గర చిన్న ఊరు. నేను ఇంట్లో మిషన్ కుడతాను, మా ఆయన ఆటో నడుపుతాడు. మా పెద్దబిడ్డకు పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. మా తమ్ముడి ఫోన్‌లో కేటీ టేలర్, అమాండా సెరానో అనే ఇద్దరి బాక్సింగ్ మ్యాచ్ చూసింది. అప్పటినుంచి ఒకటే మాట, నేనూ ప్రొఫెషనల్ బాక్సర్‌ని అవుతానని. సంచిలో పాత బట్టలు కుక్కి, దూలానికి కట్టి, పొద్దున లేస్తూనే గుద్దుతోంది. ముక్కు పగిలితే దీన్ని ఎవరు చేసుకుంటారని మా అత్తమ్మ రోజూ గొడవ. నాకు మాత్రం బిడ్డ మొహం చూస్తే కాదనబుద్ధి కావట్లేదు. ఆ కేటీ టేలర్ ఎవరు, అంతదాకా ఎట్లా పోయింది, ఇందులో బతుకుదెరువు ఉందా, మాలాంటివాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక తల్లి, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ దూలానికి కట్టిన సంచి దగ్గరికే వస్తాను. చేతికి పట్టీ లేకుండా, గ్లవ్స్ లేకుండా గుద్దనియ్యకండి. మణికట్టు, వేళ్ల కణుపులు ఈ వయసులో దెబ్బతింటే ఏళ్ల తరబడి బాధపెడతాయి. కోచ్ దొరికేదాకా తాడాట, పరుగు, అద్దం ముందు ఉత్త చేతులతో గాలిలో పంచ్‌లు, అంతవరకే. అది ఈ రోజే చెప్పండి, మిగతా ఉత్తరం తర్వాత చదవచ్చు.

ఇక కేటీ టేలర్. 1986లో పుట్టింది, ఐర్లండ్‌లో బ్రే అనే సముద్రపు ఒడ్డు ఊరు. తండ్రి పీట్ ఒకప్పుడు బాక్సర్, ఆమెకు మొదటి కోచ్ ఆయనే. తల్లి బ్రిజిట్ బాక్సింగ్ పోటీలకు జడ్జిగా కూర్చునేది. అంటే ఆట ఇంట్లోనే ఉంది, అయినా దారి లేదు, ఎందుకంటే అప్పట్లో ఐర్లండ్‌లో ఆడపిల్లలకు బాక్సింగ్ పోటీలే లేవు. అందుకని జుట్టు హెడ్‌గార్డ్ లోపలికి దోపుకుని, జాబితాలో ‘కె. టేలర్’ అని రాయించుకుని మగపిల్లలతో రింగులోకి దిగేది. బౌట్ (రింగులో జరిగే మ్యాచ్) అయ్యాక హెడ్‌గార్డ్ తీస్తే గానీ ఆడపిల్ల అని జనానికి తెలిసేది కాదు. వాళ్లు సాధన చేసిన క్లబ్బులో టాయిలెట్ కూడా లేదు, ఎదురుగా ఉన్న బార్‌కు వెళ్లాల్సి వచ్చేది. మన ఊళ్లలో బడి మైదానాలు చూసినవాళ్లకు ఈ ముక్క వేరే వివరించాల్సిన పని లేదు, టాయిలెట్ లేక ఆట మానేసిన పిల్లలు నాకే తెలుసు.

2001 అక్టోబర్ 31న డబ్లిన్‌లో ఐర్లండ్ చరిత్రలోనే అధికారికంగా గుర్తించిన మొదటి మహిళల బౌట్ జరిగితే అందులో దిగిన ఇద్దరిలో కేటీ ఒకతె. అప్పుడు ఆమెకు పదిహేనేళ్లు, మీ బిడ్డకంటే ఒక్క ఏడాది పెద్ద. ఆ తర్వాత మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ బంగారం ఎక్కడ గెలిచిందో తెలుసా? మన ఢిల్లీలో, 2006లో. అదే పోటీల్లో మన మేరీ కోమ్, సరితా దేవి కూడా బంగారం గెలిచారు. కేటీ అక్కడినుంచి వరసగా ఐదుసార్లు, 2014 దాకా, ప్రపంచ ఛాంపియన్. మధ్యలో ఐర్లండ్ జాతీయ జట్టుకు ఫుట్‌బాల్ కూడా ఆడింది. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల బాక్సింగ్‌ను మొదటిసారి పెడితే 60 కిలోల విభాగంలో బంగారం ఆమెదే. అదే లండన్‌లో మేరీ కోమ్‌కు కాంస్యం వచ్చింది.

నేను మీ బిడ్డకు మీరు చదివి వినిపించాలనుకునేది 2016 సంగతి. ఆ ఏడాది కేటీకి ఏదీ కలిసిరాలేదు. అంతకుముందే కోచ్‌గా ఉన్న తండ్రితో విడిపోయింది, ప్రపంచ పోటీల్లో సెమీస్‌లో ఓడిపోయింది, రియో ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్‌లోనే ఫిన్లండ్ బాక్సర్ మీరా పోట్కోనెన్ చేతిలో ఓడి ఉత్తచేతులతో ఇంటికొచ్చింది. ముప్పై ఏళ్లు నిండాయి. ఇక అయిపోయిందని అందరూ అనుకునే వయసు, ఊరు వదిలి అమెరికాలో కనెటికట్ అనే చోట కొత్త కోచ్ దగ్గరికి వెళ్లి, అదే నవంబర్‌లో లండన్‌లో మొదటి ప్రొఫెషనల్ బౌట్ ఆడింది. ఏడాది తిరగకముందే, 2017 అక్టోబర్‌లో, ప్రపంచ టైటిల్. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో టైటిళ్లు ఇచ్చే పెద్ద సంస్థలు నాలుగు, డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ. ఒకే బరువులో నాలుగు బెల్టులూ ఒకరి దగ్గరే ఉంటే వాళ్లకు పోటీ లేనట్టు లెక్క. 2019 జూన్‌లో న్యూయార్క్‌లో బెల్జియం బాక్సర్ డెల్ఫీన్ పెర్సూన్‌ని ఓడించి కేటీ ఆ స్థానానికి వచ్చింది. ఆ బౌట్ చాలా దగ్గరి బౌట్, పెర్సూనే గెలిచిందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు, నేను చూసినప్పుడు నాకూ చివరి రౌండ్లు పెర్సూన్‌వే అనిపించాయి.

మీ బిడ్డ చూసింది సెరానోతో మ్యాచ్ కదా, వాళ్లిద్దరూ మూడుసార్లు తలపడ్డారు. సెరానో ప్యూర్టో రికోలో పుట్టి న్యూయార్క్‌లో పెరిగింది, ఏడు బరువు విభాగాల్లో ప్రపంచ టైటిళ్లు గెలిచిన మనిషి, తక్కువది కాదు. మొదటిది 2022 ఏప్రిల్ 30న, న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో. అక్కడ ఆడవాళ్ల బౌట్ ఆ రాత్రికి ప్రధాన బౌట్‌గా జరగడం అదే మొదటిసారి, 19,187 మంది వచ్చారు. ఐదో రౌండ్‌లో కేటీ ముక్కునుంచి రక్తం, తాళ్లకు ఆనుకుపోయింది, ఇక పడిపోతుందనుకున్నాం. పడలేదు. చివరికి ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు ఆమెకు, ఒకరు సెరానోకు ఇచ్చారు. 2024 నవంబర్‌లో టెక్సస్‌లో రెండోసారి ముగ్గురు జడ్జిలూ కేటీకే 95-94 వేశారు, ఒక్క పాయింటు తేడా. మూడోది 2025 జులైలో, అదీ కేటీదే. ఆ గెలుపు నాటికి ఆమె ప్రొఫెషనల్ లెక్క 25 గెలుపులు, ఒకే ఒక ఓటమి. ఆ ఓటమి కూడా సొంత గడ్డ డబ్లిన్‌లోనే, 2023 మేలో చాంటెల్ కామెరాన్ చేతిలో. ఆరు నెలలకు అదే ఊళ్లో, అదే కామెరాన్‌ని ఓడించి లెక్క సరిచేసుకుంది.

బతుకుదెరువు అడిగారు. 2022 బౌట్‌కు ఇద్దరికీ చెరో పది లక్షల డాలర్లకు పైనే వచ్చిందని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ అంకె చూసి మనం మోసపోకూడదు. ప్రొఫెషనల్ అంటే నెల జీతం కాదు, బౌట్ ఉంటేనే డబ్బు, అందులోంచే కోచ్‌కు, మేనేజర్‌కు, ప్రయాణాలకు ఇవ్వాలి. చేయి విరిగి ఏడాది ఇంట్లో కూర్చుంటే ఆ ఏడాదికి రాబడి సున్నా. అమెరికా, ఇంగ్లండ్‌లో టీవీ హక్కుల డబ్బు వెనకుండి నడిపిస్తుంది, మన దగ్గర ఆ బలం ఇంకా రాలేదు. సరితా దేవి అంతటి బాక్సర్ 2017 జనవరిలో ఇంఫాల్‌లో ప్రొఫెషనల్ బౌట్ గెలిచి, మళ్లీ అమెచ్యూర్ పోటీలకే, అంటే డబ్బు కోసం కాక పతకాల కోసం ఆడే పోటీలకే, తిరిగొచ్చింది.

కాబట్టి మీ బిడ్డకు చెప్పాల్సింది ప్రొఫెషనల్ వద్దని కాదు, ముందు అమెచ్యూర్ అని. కేటీ కూడా అధికారికంగా పదిహేనేళ్లు అమెచ్యూర్‌గా ఆడాకే ఆ బెల్టుల దగ్గరికి వెళ్లింది. అమెచ్యూర్‌లో అమ్మాయిలకు హెడ్‌గార్డ్ ఉంటుంది, రౌండ్లు మూడే, డాక్టర్ చూసి సరేనంటేనే రింగులోకి పంపుతారు. పైగా మన దగ్గర ఉద్యోగాలు, ప్రభుత్వ నజరానాలు ఈ దారిలోనే ఉన్నాయి. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్‌నే చూడండి. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్, భుజం గాయంతో చాలాకాలం ఆటకు దూరమైంది, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బంగారం. రాష్ట్ర ప్రభుత్వం 2022లో రూ. 2 కోట్లు ఇచ్చింది, 2024లో డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. పారిస్ ఒలింపిక్స్‌లో పతకం రాలేదు, అయినా ఉద్యోగం ఎక్కడికీ పోలేదు. ఆమె తండ్రికీ ఆడపిల్లకు బాక్సింగ్ ఏంటనే మాటలు తప్పలేదు, ఆయన బిడ్డ చెయ్యి వదల్లేదు.

మొదలుపెట్టడం ఎట్లా అంటే, రేపే బడిలో పీఈటీ సార్‌నో మేడమ్‌నో కలవండి. పాఠశాలల క్రీడా పోటీల్లో బాక్సింగ్ ఎంపికలు జిల్లాలో ఎప్పుడు, ఎక్కడో వాళ్లకు తెలుస్తుంది. తెలియకపోతే నల్లగొండలో జిల్లా క్రీడల అధికారి ఆఫీసుకు ఒకసారి పోయి రండి, ఆటో మీ ఇంట్లోనే ఉంది కదా. కోచ్ దొరికితే మూడు అడగండి: పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ శిక్షణ అయ్యారా, అక్కడ వేరే ఆడపిల్లలు ఉన్నారా, ఎన్ని నెలల తర్వాత స్పారింగ్ (ఇద్దరిని ఎదురెదురుగా దింపే సాధన) చేయిస్తారు. వచ్చిన వారానికే ఎదురెదురుగా నిలబెట్టి కొట్టించే కోచ్ అయితే బిడ్డను తీసుకుని వెనక్కి వచ్చేయండి. మొదటి కొన్ని నెలలు కాళ్ల కదలిక, దెబ్బ కాచుకోవడం, శ్వాస, ఇంతే ఉండాలి. రక్త పరీక్ష ఒకటి చేయించండి, మన పిల్లల్లో రక్తం తక్కువ ఉండేవాళ్లు చాలామంది. గుడ్లు, పప్పు, జొన్నరొట్టె, పల్లీలు చాలు, డబ్బాల పొడులు కొనకండి. బరువు తగ్గాలని పస్తు ఉండమంటే మాత్రం ఒప్పుకోకండి.

మీ అత్తమ్మ భయం ఉత్త భయం కాదు, అది నేను దాచను. ముక్కు సంగతి అటుంచి, అసలు భయపడాల్సింది తలకు పదే పదే తగిలే దెబ్బల గురించి. అమెరికాలో హెదర్ హార్డీ అని ఒక బాక్సర్ ఉంది, ప్రపంచ టైటిల్ గెలిచింది, చివరికి మెదడుకు జరిగిన దెబ్బ వల్ల 2024లో గ్లవ్స్ వదిలెయ్యాల్సి వచ్చింది. అందుకే తలకు గట్టిగా తగిలి కళ్లు తిరిగితే, తలనొప్పి, వాంతులు ఉంటే, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన సరేననేదాకా ఎంత పెద్ద పోటీ ఉన్నా రింగు మొహం చూడొద్దు. ఈ ఒక్క విషయంలో బిడ్డ ఏడ్చినా మీరు మెత్తబడకండి.

పెళ్లి విషయం మీ అత్తమ్మతో వాదించకండి. నేను పాలమూరులో కబడ్డీ ఆడే రోజుల్లో మా ఇంట్లోనూ ఇదే మాట, మా నాయనమ్మ నిక్కరు చూసి నెల రోజులు నాతో మాట్లాడలేదు. జిల్లా పోటీలకు మా నాయిన ఆమెను బలవంతాన తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు, ఆ తర్వాత మా బూట్లు ఎండలో ఆరబెట్టింది ఆమే. మీ అత్తమ్మను కూడా ఒకరోజు సాధన దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: ఆడవాళ్ల ప్రొఫెషనల్ బౌట్లలో రౌండు రెండు నిమిషాలే ఎందుకు? ఇది తక్కువ చేసి చూడటం కాదా?
— పీఈటీ టీచర్, కల్వకుర్తి

జవాబు: ప్రపంచ టైటిల్ బౌట్లలో మామూలుగా మగవాళ్లకు పన్నెండు రౌండ్లు, మూడేసి నిమిషాలు, అంటే 36 నిమిషాలు. ఆడవాళ్లకు పది రౌండ్లు, రెండేసి నిమిషాలు, 20 నిమిషాలు. ఆడవాళ్లకు తలదెబ్బల ప్రమాదం ఎక్కువని డబ్ల్యూబీసీ వాదన. సెరానో దానికి ఒప్పుకోక 2023 అక్టోబర్‌లో డనీలా రామోస్‌తో పన్నెండు రౌండ్లు మూడేసి నిమిషాలు ఆడి గెలిచింది, ఆ పద్ధతిని ఒప్పుకోని డబ్ల్యూబీసీ బెల్టును తర్వాత వదిలేసుకుంది. నా అభిప్రాయం అడిగితే, ఎంచుకునే హక్కు రింగులో దెబ్బ తినే మనిషికి ఉండాలి. అమెచ్యూర్ సీనియర్ పోటీల్లో ఆడవాళ్లు కూడా మూడేసి నిమిషాల రౌండ్లే ఆడుతున్నారు కదా. రౌండు చిన్నదైతే పడగొట్టే సమయం చాలదు, పడగొట్టకపోతే చూసేవాళ్లు తక్కువ, చూసేవాళ్లు తక్కువైతే డబ్బు తక్కువ. నష్టం అక్కడిదాకా పోతుంది.

ప్రశ్న: నాకు పంతొమ్మిదేళ్లు, డిగ్రీ మొదటి సంవత్సరం. ఇప్పుడు బాక్సింగ్ మొదలుపెడితే ఆలస్యమా అక్కా?
— ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: ఆలస్యం కాదు చెల్లీ. పైన చెప్పిన హెదర్ హార్డీ గ్లవ్స్ వేసుకుంది ఇరవై ఎనిమిదేళ్లకు, అప్పటికే ఒక బిడ్డ తల్లి. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు ప్రపంచ టైటిల్ గెలిచింది. ఆమె తల పరిస్థితి ఏమైందో కూడా పైన రాశాను, రెండూ కలిపి చదువు. పంతొమ్మిది నుంచి సీనియర్ విభాగమే కాబట్టి నీకు ఎదురుగా వచ్చేవాళ్లు పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కావచ్చు, మొదటి ఏడాది పోటీల తొందర పెట్టుకోకు. ఈ వారమే మీ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్‌ని కలిసి పాలమూరు యూనివర్సిటీ ఎంపికల్లో అమ్మాయిల బాక్సింగ్ ఉందా అడుగు. లేదంటే నీతోపాటు ఇంకెంతమంది ఆసక్తిగా ఉన్నారో పేర్లు రాసి, సంతకాలతో కాగితం ఇవ్వు. ఇచ్చాక నాకు ఒక ఉత్తరం ముక్క రాయి.