బిలిరుబిన్ 2.1 వచ్చింది.. లివర్ పాడైనట్టేనా?

ప్రశ్న: నా వయసు 27. ఆఫీసులో చేయించిన హెల్త్ చెకప్‌లో టోటల్ బిలిరుబిన్ 2.1, డైరెక్ట్ 0.3 వచ్చింది. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, హిమోగ్లోబిన్ అన్నీ నార్మల్. మద్యం అలవాటు లేదు. అలసిపోయినప్పుడు నా కళ్లు కాస్త పచ్చగా ఉంటాయని ఇంట్లో అంటుంటారు. నైట్ షిఫ్ట్ చేసి, ఏమీ తినకుండా వెళ్లి రక్తం ఇచ్చాను. లివర్ పాడైందేమోనని భయంగా ఉంది. ఏం చేయాలి?

జవాబు: మీరు రాసిన వివరాల్లో లివర్ పాడైందని అనుకోవడానికి ఏమీ కనిపించడం లేదు. ముందు ఆ టెన్షన్ తగ్గించుకోండి.

చాలామంది టోటల్ ఒక్కటే చూసి కంగారుపడతారు, అసలు సంగతి మాత్రం దాని కింద ఉండే రెండు లైన్లలో ఉంటుంది. ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులు బతికి విరిగిపోయాక వాటిలోని హిమోగ్లోబిన్ నుంచి బిలిరుబిన్ అనే పసుపు రంగు పదార్థం తయారవుతుంది, అప్పటికి అది నీటిలో కరగదు, దాన్నే ఇన్‌డైరెక్ట్ అంటాం. లివర్ దాన్ని కరిగేలా మార్చితే డైరెక్ట్ అవుతుంది, పైత్యరసంతో కలిసి పేగుల్లోకి పోతుంది. మీ 2.1లో 1.8 ఇన్‌డైరెక్టే. లివర్ కణాలు దెబ్బతింటే మామూలుగా ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ పెరగాలి. పైత్యనాళంలో రాయి అడ్డుపడితే డైరెక్ట్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరగాలి. మీకు ఇవేవీ లేవు.

ఇక మిగిలిన కారణాలు రెండు. రక్తకణాలు త్వరగా విరిగిపోతున్నాయేమో చూడాలి. హిమోగ్లోబిన్ బాగుంది కదా అని దీన్ని వదిలేయకూడదు, ఎందుకంటే ఎముక మజ్జ కొత్త కణాలు చేసి ఆ లోటు పూడ్చేస్తుంటుంది. రెటిక్యులోసైట్ కౌంట్, ఎల్‌డీహెచ్, పెరిఫెరల్ స్మియర్ అనే రక్తపరీక్షలు చేయిస్తే ఇది తేలిపోతుంది. అవి నార్మల్ అయితే గిల్బర్ట్ సిండ్రోమ్ అనుకోవచ్చు, నా అంచనా కూడా అదే. బిలిరుబిన్‌ను మార్చే ఎంజైమ్ పుట్టుకతోనే కొంచెం తక్కువగా పనిచేయడం తప్ప ఇందులో ఇంకేం లేదు. వందలో కనీసం ముగ్గురు నలుగురికి ఉంటుంది, చాలామందికి ఇలా చెకప్‌లోనే బయటపడుతుంది. ఉపవాసం, నిద్రలేమి, జ్వరం, విపరీతమైన శ్రమ ఉన్న రోజుల్లో బిలిరుబిన్ పెరుగుతుంది, మీరు రక్తం ఇచ్చింది సరిగ్గా అలాంటి రోజే! దీనికి మందు అక్కర్లేదు, లివర్‌కు హాని కూడా ఉండదు. కాకపోతే క్యాన్సర్‌కు వాడే ఇరినోటెకాన్ లాంటి కొన్ని మందులు వీళ్లకు ఎక్కువ దుష్ప్రభావం చూపిస్తాయి, అందుకే ఎప్పుడు చికిత్సకు వెళ్లినా గిల్బర్ట్ ఉందని డాక్టర్‌కు చెప్పాలి.

రెండు మూడు వారాలాగి, ముందు రోజు వేళకు తిని, బాగా నిద్రపోయి, మళ్లీ ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు పరీక్ష) చేయించండి, పైన చెప్పిన పరీక్షలు కూడా అప్పుడే. అప్పటికీ ఇన్‌డైరెక్ట్ మాత్రమే ఎక్కువగా ఉండి, మిగతావి నార్మల్ అయితే ప్రతి నెలా పరీక్షలంటూ తిరగొద్దు. లివర్ శుభ్రం చేస్తామనే పౌడర్ల జోలికి అసలే వెళ్లొద్దు, మంచిగా ఉన్న లివర్‌ను వాటితో పాడుచేసుకుని వచ్చేవాళ్లున్నారు.

మూత్రం బాగా ముదురు రంగులోకి మారినా, మలం తెల్లగా పాలిపోయినా, ఒళ్లంతా దురద, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, చలిజ్వరం ఉన్నా అది గిల్బర్ట్ వల్ల కాదు. మళ్లీ పరీక్ష చేయించుకునే తేదీ కోసం చూడకుండా అదే రోజు డాక్టర్‌ను కలవండి.