ఫ్లూట్ సాధన: ఈరోజు ఏ స్వరం కోసం కూర్చున్నారు?

మీరు అనంతపురంలో ఉద్యోగం చేస్తూ ఏడాదిగా ఫ్లూట్ నేర్చుకుంటున్నానని రాశారు. వారమంతా తీరిక దొరకదు, ఆదివారం మూడు గంటలు కూర్చుంటారు. అయినా తొలి పాఠాలైన సరళీ వరుసలు దాటలేదు, ఊపిరి చాలదు, తల తిరుగుతోంది. రోజుకు ఎన్ని గంటలు వాయిస్తే చెయ్యి తిరుగుతుందని అడిగారు.

నేను కడపలో ఉంటాను. ఉద్యోగం చేసుకుంటూనే పదకొండేళ్లుగా వేణువు నేర్చుకుంటున్నాను. ముందు గంటల లెక్క వదిలేయండి. ఆదివారం మూడు గంటల కన్నా రోజూ 25 నిమిషాలు మేలు. మూడో గంటకు పెదవి అలిసిపోతుంది. అలిసిన పెదవి ఎలా పడితే అలా ఊదుతుంది, ఆ ఊదుడే అలవాటవుతుంది. సోమవారం నుంచి శనివారం దాకా ఫ్లూట్ ముట్టుకోకపోతే మళ్లీ ఆదివారం నాదం వెతుక్కోవడానికే అరగంట పోతుంది.

అయితే రోజూ వాయించినంత మాత్రాన సరిపోదు. నేను మొదటి మూడేళ్లు ఒక్క రోజు మానలేదు. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు మొదటి నుంచి చివరిదాకా మూడు కాలాల్లో (మెల్లగా, రెట్టింపు, నాలుగింతల వేగంలో) వాయించేసి లేచేవాణ్ణి. ఒక రోజు మా గురువుగారు మధ్యలో ఆపి, "ఈరోజు ఏ స్వరం కోసం కూర్చున్నావు నాయనా?" అన్నారు. నాకు జవాబు తోచలేదు. అప్పటిదాకా వరుసలు పూర్తి చేయడానికే కూర్చున్నాను గానీ, ఏ స్వరాన్నీ బాగుచేయడానికి కూర్చోలేదు.

ఈ వరుసలు వాయించే రాగం మాయామాళవగౌళ. నా తప్పు అందులోని రిషభంలో, అంటే 'రి'లో ఉంది. మన వేణువులో రంధ్రాలు ఒక్కొక్కటీ పూర్తిగా తెరుస్తూ పోతే సహజంగా పలికేవి హరికాంభోజి రాగం స్వరాలు. మాయామాళవగౌళలోని శుద్ధ రిషభం (శ్రుతి తగ్గిన 'రి'), శుద్ధ ధైవతం (శ్రుతి తగ్గిన 'ధ'), కాకలి నిషాదం (శ్రుతి పెరిగిన 'ని') కావాలంటే రంధ్రం కొంత మూసి కొంత తెరవాలి. ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు మూస్తే 'స'. మధ్యవేలు పూర్తిగా ఎత్తితే చతుశ్రుతి రిషభం, అంటే ఇంకాస్త ఎత్తైన 'రి'. శుద్ధ రిషభానికి ఆ వేలిని ఎత్తకూడదు, కొద్దిగా పక్కకు దొర్లించాలి. నేను ఎత్తేవాణ్ణి. విలంబంలో, అంటే మెల్లగా వాయిస్తే, చెవి సర్దుకునేది, మూడో కాలంలో ప్రతిసారీ రిషభం పైకి పోయేది. వేగంలో పట్టుకోలేక మూడేళ్లు గడిపాను.

ఆ తర్వాత పన్నెండు రోజులు ఫోన్‌లో శ్రుతి కోసం తంబూరా నాదం పెట్టుకుని స, రి, స మాత్రమే వాయించాను. కళ్లు మూసుకుంటే వేలి మెత్తటి భాగానికి రంధ్రం అంచు ఎక్కడ తగులుతోందో తెలిసేది. ఎంత దొర్లిస్తే స్వరం తంబూరాకు సరిగ్గా నిలుస్తుందో ఆ చర్మానికే గుర్తుండిపోయింది. వేణువుకు కచేరీ వేదిక మీద గౌరవం తెచ్చిన కుంభకోణం శరభశాస్త్రిగారికి చూపు లేదు. ఆ పన్నెండు రోజుల్లో ఆయన పదేపదే గుర్తొచ్చారు.

అప్పటి నుంచి ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. కూర్చోబోయే ముందు ఒకే వాక్యం రాస్తాను: "పై 'స' దగ్గర గాలి చీలుతోంది", "ప నుంచి ధ కు వెళ్లేటప్పుడు రెండు వేళ్లు ఒకేసారి లేవడం లేదు". మొదటి పది నిమిషాలు స, ప దీర్ఘంగా ఊదుతాను. తర్వాత పదిహేను నిమిషాలు ఆ వాక్యం మీదే. ఇంకా సమయం ఉంటే నచ్చింది వాయిస్తాను, ఎక్కువగా మన తాళ్లపాక అన్నమయ్య కీర్తనే. ఆదివారం ఒక నిమిషం రికార్డ్ చేసి నెల తర్వాత వింటాను. అప్పుడే వింటే మనసు మనకే వత్తాసు పలుకుతుంది.

తల తిరగడం గురించి. మీరు బలంగా ఊదుతున్నారు. ఊదే రంధ్రం మీద పెదవి చీలిక వెడల్పుగా ఉంటే గాలి సగం బయటికే పోతుంది, ఊపిరి చాలదు, తల తేలిపోతుంది. అలా అనిపిస్తే వెంటనే ఆపి మామూలుగా శ్వాస తీసుకోండి. తర్వాత చీలికను సన్నం చేసి, మెల్లగా ఊదుతూ 'స' ఎన్ని సెకన్లు నిలుస్తుందో చూడండి. నాకు తొమ్మిది సెకన్ల నుంచి ఇరవై దాటడానికి ఏడు నెలలు పట్టింది. మరీ తరచుగా తల తిరుగుతుంటే మాత్రం డాక్టర్‌కు ఒకసారి చూపించుకోండి.

మన ఎండల సంగతి కూడా చెప్పాలి. ఫ్యాన్ గాలి ఊదే రంధ్రం మీదుగా పోతే నాదం విరిగిపోతుంది, ఫ్యాన్ ఆపితే మే నెలలో కూర్చోలేం. అందుకే తెల్లవారుజామున ఐదింటికి, పాల ప్యాకెట్ వచ్చేలోపు కూర్చుంటాను. ఇంకో కారణం కూడా ఉంది. ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర 355 మీటర్లు. ఫ్లూట్ లోపలి గాలి వేడెక్కిన కొద్దీ శ్రుతి పెరుగుతుంది. మధ్యాహ్నం మీ ఫ్లూట్ తంబూరాతో కలవకపోతే చేతిని తిట్టుకోకండి. ఐదు నిమిషాలు ఊది వెదురు కుదురుకున్నాక తంబూరానే దానికి సర్దండి.

ఫ్లూట్‌ను బండి డిక్కీలో మాత్రం వదలకండి. ఒక మే నెల మధ్యాహ్నం అలా వదిలితే నాకు ఎంతో ఇష్టమైన ఐదు శ్రుతి ('స' పాశ్చాత్య G దగ్గర పలికే) ఫ్లూట్ నిలువునా చీలింది. ఆ నాదం మరో ఫ్లూట్‌లో ఇంతవరకు దొరకలేదు.

రోజు తప్పితే మర్నాడు రెట్టింపు వాయించకండి, ఆ 25 నిమిషాలే చాలు. ఫ్లూట్‌ను అల్మరాలో దాచకుండా మీరు కూర్చునే చోటే, ఎండ తగలకుండా ఉంచండి. ఈ వారం వాయించి, ఏ స్వరం దగ్గర తడబడుతున్నారో రాయండి. మీదీ శుద్ధ రిషభమే అయితే, ఏ వేలు ఎలా పెడుతున్నారో కూడా చెప్పండి.