పాత ర్యాక్ సర్వర్‌కి 6 మానిటర్లు: ఏ కార్డు, ఏ స్లాట్, ఎక్కడ ఇబ్బంది

ప్రశ్న ఇదీ: డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్730, విండోస్ సర్వర్ 2019. సీసీ కెమెరాల గోడకి 6 ఫుల్ హెచ్‌డీ మానిటర్లు కావాలి. సర్వర్‌లో ఉన్నది వీజీఏ ఒక్కటే. గ్రాఫిక్స్ కార్డులు వేయొచ్చా?

వేయొచ్చు. గేమింగ్ కార్డుల జోలికి మాత్రం పోకండి. జీఫోర్స్‌కి ఎన్విడియా సైట్‌లో విండోస్ సర్వర్ డ్రైవర్ ఎంపికే ఉండదు. పైగా పెద్ద కార్డులకి విడిగా పవర్ కేబుల్ కావాలి. రైజర్ (స్లాట్లుండే చిన్న బోర్డు) మీదున్న 8 పిన్ సాకెట్ చూసి మామూలు పీఎస్‌యూ (పవర్ సప్లై) కేబుల్ తగిలిస్తే పిన్ల వరుస కలవక కార్డు కాలిపోవచ్చు. అందుకే కరెంటంతా స్లాట్ నుంచే తీసుకునే కార్డు చూసుకోండి: ఎన్విడియా టీ600 రెండు. ఒక్కోదానికి 4 మినీ డిస్‌ప్లేపోర్టులు, 40 వాట్లు. సెకండ్ హ్యాండ్‌లో అయితే క్వాడ్రో పీ620, అదీ అంతే. కాకపోతే అది పాస్కల్ అనే పాత తరం కాబట్టి 580 బ్రాంచ్ (డ్రైవర్ వెర్షన్ల వరుస) తర్వాత డ్రైవర్లు రావు. టీ400కి 3 పోర్టులే. రెండు వేస్తే లెక్కకి సరిపోతాయి గానీ, ఒక పోర్టు పాడైతే స్పేర్ ఉండదు. చవగ్గా దొరుకుతోందని టెస్లా పీ40 లాంటివి కొనేవాళ్లున్నారు, వాటికి మానిటర్ పోర్టే ఉండదు.

రెండూ ఒకే మోడల్ తీసుకోండి. షాపులో మూలన పడున్న ఇంకా పాతదైన కెప్లర్ తరం ఎన్‌వీఎస్ 510ని కొత్త కార్డు పక్కన పెడితే, దానికోసం రెండూ 470 బ్రాంచ్ డ్రైవర్‌తోనే నడవాలి.

స్లాట్ విషయంలో రెండు చూడాలి. ఎక్స్16 (16 లేన్ల) కార్డుకి స్లాట్ నుంచి 75 వాట్ల దాకా అందుతుంది, ఎక్స్8కి ప్రమాణం ప్రకారం 25 వాట్లే. 40 వాట్ల కార్డుని ఎక్స్16లోనే పెట్టండి. రెండోది, ఈ సర్వర్‌లో కొన్ని స్లాట్లు రెండో సీపీయూకి కలిసుంటాయి. ఆ సాకెట్ ఖాళీగా ఉంటే కార్డు ఎన్నిసార్లు తీసి పెట్టినా కనిపించదు, చాలామంది కార్డే పోయిందనుకుని వాపస్ ఇచ్చేస్తారు. ఏ స్లాట్ ఏ సీపీయూదో ఓనర్స్ మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది. ఇవి ఎత్తు తక్కువ కార్డులు కాబట్టి ఫుల్ హైట్ బ్రాకెట్ (వెనక బిగించే రేకు) కూడా ఇస్తున్నారో లేదో అడగండి. సెకండ్ హ్యాండ్ వాటికి తరచూ అదే ఉండదు.

బిగించేముందు సర్వర్ రెండు పవర్ కేబుళ్లూ పీకేయండి. స్విచ్ ఆఫ్ చేసినా లోపల స్టాండ్‌బై కరెంటు ఉంటుంది.

తర్వాత ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి, ఇంటిగ్రేటెడ్ డివైజెస్ కింద ఎంబెడెడ్ వీడియో కంట్రోలర్ ఎనేబుల్‌లోనే ఉందో లేదో చూడండి. దాన్ని ఆపేస్తే ఐడ్రాక్ (దూరం నుంచి సర్వర్‌ని నడిపే డెల్ సాధనం) వర్చువల్ కన్సోల్ నల్లగా మారిపోతుంది, రేపు బూట్ ఆగిపోతే ర్యాక్ దగ్గరకి మనిషి వెళ్లాల్సిందే. దీనికో చిన్న బాధ ఉంది. సర్వర్‌లోనే ఉన్న ఆ మాట్రాక్స్ వీడియో చిప్‌ని విండోస్ ఏడో మానిటర్‌గా లెక్కేస్తుంది. మౌస్ గోడ అంచు దాటి మాయమవుతుంది, కెమెరా సాఫ్ట్‌వేర్ విండో కనపడని చోట తెరుచుకుంటుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఆ ఒక్క మానిటర్‌ని ఎంచుకుని డిస్కనెక్ట్ ఇస్తే సరి. చిప్ అలాగే ఉంటుంది, డెస్క్‌టాప్ మాత్రం దాని మీదకి పోదు.

కార్డు పెట్టగానే ఫ్యాన్లు హోరెత్తితే కంగారు పడకండి. కార్డు డెల్ జాబితాలో లేకపోతే దాని వేడి ఎంతో తెలీక సర్వర్ వేగం పెంచేస్తుంది. రాక్ఆడమ్‌తో (ఐడ్రాక్ కమాండ్ లైన్ సాధనం) సిస్టమ్ డాట్ థర్మల్‌సెట్టింగ్స్ కింద థర్డ్‌పార్టీపీసీఐఫ్యాన్‌రెస్పాన్స్‌ని 0 చేయండి. ఈ కార్డులకి సొంత ఫ్యాన్ ఉంటుంది కాబట్టి పరవాలేదు, ఒక రోజు ఉష్ణోగ్రత గమనిస్తే చాలు.

విండోస్ సర్వర్‌లో కెమెరా సాఫ్ట్‌వేర్ ఎంఎఫ్‌ప్లాట్ డీఎల్ఎల్ (వీడియోకి కావాల్సిన విండోస్ ఫైల్) లేదని మొరాయిస్తే, సర్వర్ మేనేజర్‌లో మీడియా ఫౌండేషన్ ఫీచర్ వేసి రీస్టార్ట్ చేయండి. సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్ ఎన్విడియాకి మార్చడం మర్చిపోవద్దు. ఈ సర్వర్‌లోని జియాన్ ఈ5 సీపీయూల్లో క్విక్ సింక్ (ఇంటెల్ వీడియో డీకోడర్) లేదు, వదిలేస్తే వీడియోలన్నీ సీపీయూ నెత్తిన పడతాయి. చిన్న గడుల్లో కనిపించే కెమెరాలకి సబ్ స్ట్రీమ్ (కెమెరా ఇచ్చే తక్కువ నాణ్యత వీడియో) చాలు.

ఇక రిమోట్ డెస్క్‌టాప్. గోడ మీద నడుస్తున్న యూజర్‌తోనే ఆర్‌డీపీ (రిమోట్ డెస్క్‌టాప్)లోకి వెళ్తే ఆరు మానిటర్లూ లాక్ స్క్రీన్‌కి వచ్చేస్తాయి, గార్డు ఫోన్ చేస్తాడు. గోడకో యూజర్, నిర్వహణకో యూజర్ పెట్టండి. గోడనే దూరం నుంచి చూడాలంటే వీఎన్‌సీ (ఉన్న స్క్రీన్‌నే చూపే సాఫ్ట్‌వేర్) వాడండి.

హెచ్‌డీఎంఐ మానిటర్లకి మామూలు పాసివ్ అడాప్టర్ సరిపోతుంది. వీజీఏ మానిటర్లకైతే యాక్టివ్ కన్వర్టరే కావాలి. మినీ డిస్‌ప్లేపోర్టుకి లాక్ ఉండదు, కేబుల్ బరువుకే ఊడొస్తుంది. కేబుళ్లన్నీ కలిపి ర్యాక్ వెనక స్తంభానికి వెల్క్రోతో కట్టేయండి.

విండోస్ కాకుండా లినక్స్ పెడితే, ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ చూపే బస్ నంబర్ (కార్డు చిరునామా) హెక్సాలో, అంటే 16 ఆధారిత అంకెల్లో ఉంటుంది, డిస్‌ప్లే సెట్టింగుల ఫైల్ ఎక్స్‌ఆర్గ్ కాన్ఫ్ మామూలు 10 ఆధారిత అంకెల్లో అడుగుతుంది. రెండో సీపీయూ కింద కార్డు 82:00.0 అని కనిపిస్తే అక్కడ రాయాల్సింది పీసీఐ:130:0:0. అలాగే 82 అని రాస్తే ఆ కార్డుకున్న మానిటర్లు వెలగవు.