పెడల్‌లో దీపాలకు వైఫై ఎందుకు?

ప్రశ్న: గిటార్ కోసం రెండు ట్రాన్సిస్టర్ల ఫజ్ పెడల్ (గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే, కాలితో నొక్కే పెట్టె) సొంతంగా తయారుచేశాను. శబ్దానికి తగ్గట్టు వెలిగేందుకు 12 ఎల్‌ఈడీల రంగుల స్ట్రిప్పు, దాన్ని ఫోన్‌తో నడిపేందుకు వైఫై బోర్డు అదే పెట్టెలో అమర్చాను. దీపాలు వెలిగితే చాలు, ఆంప్లిఫయర్‌లో సన్నటి కూత వస్తోంది. పైగా మెల్లగా వాయించినా గట్టిగా వాయించినా అన్నీ ఒకేలా వెలుగుతున్నాయి. ఏ కెపాసిటర్ వేయమంటారు?
ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఈ కూత గురించి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, అందరూ అడిగేదీ కెపాసిటరే. కోఠి గుజరాతీ గల్లీలో ఉన్న కెపాసిటర్లన్నీ తెచ్చి అతికించినా ఇది పోదు. తప్పంతా గ్రౌండ్ తీగలు, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగలు, కలిపిన తీరులో ఉంది.

ఆ రకం ఎల్‌ఈడీ ఒక్కొక్కటి పూర్తి తెలుపులో దాదాపు 60 మిల్లీఆంపియర్లు లాగుతుంది. పన్నెండింటికి 720. ఫజ్ సర్క్యూట్‌కు నాలుగైదు కూడా అక్కర్లేదు. రెండూ ఒకే సన్నటి తీగ మీద ఉన్నాయనుకోండి. టంకంతో కలిపి ఆ తీగ నిరోధం ఓమ్‌లో పదో వంతే అయినా 72 మిల్లీవోల్టులు పుడతాయి. తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే గిటార్ పికప్ ఇచ్చేదే వంద మిల్లీవోల్టుల స్థాయిలో. పైగా ఈ ఎల్‌ఈడీలు సెకనుకు వందల సార్లు ఆరి వెలుగుతూ కాంతిని సర్దుకుంటాయి. కంటికి ఆనని ఆ వేగం చెవికి చక్కగా వినిపిస్తుంది. దొరికినదాన్ని దొరికినట్టు పెంచడమే ఫజ్ పని, దాన్ని తిట్టి లాభం లేదు.

దీపాల గ్రౌండ్, ఆడియో గ్రౌండ్ వేర్వేరు తీగలుగా వచ్చి పవర్ సాకెట్ దగ్గర మాత్రమే కలవాలి. ఆ తర్వాత ఆడియో వైపు సరఫరాకు 100 ఓమ్‌ల రెసిస్టర్, 100 మైక్రోఫారాడ్ల కెపాసిటర్ పెట్టండి. మీరు అడిగిన కెపాసిటర్ పనికొచ్చేది ఇక్కడ.

దీపాలన్నీ ఒకేలా వెలగడానికి కారణం, మీరు సంకేతాన్ని ఫజ్ తర్వాత తీసుకోవడం. అప్పటికే ఫజ్ శిఖరాలన్నీ కోసేసి హెచ్చుతగ్గులు చదును చేసేసి ఉంటుంది. గిటార్ జాక్ దగ్గరే ఒక పాయ తీసి, 1 మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న బఫర్ (సంకేతాన్ని బలహీనపరచకుండా ముందుకు పంపే చిన్న సర్క్యూట్) ద్వారా దీపాలకు పంపండి. ఫజ్ దారిలో మాత్రం బఫర్ పెట్టకండి. ఈ పాతకాలపు సర్క్యూట్లకు అది పడదు.

నన్ను అసలు కలవరపెడుతున్నది ఆ వైఫై బోర్డు. అది సంకేతాలు పంపిన ప్రతిసారీ క్షణంపాటు వందల మిల్లీఆంపియర్లు లాగి టిక్‌టిక్‌మనే చప్పుడు తెస్తుంది, అది చిన్న విషయం. దీపాల కోసం దొరికే రెడీమేడ్ ప్రోగ్రాముల్లో చాలావరకు సొంత హాట్‌స్పాట్ తెరుస్తాయి. దాని పాస్‌వర్డ్ లోకమంతటికీ తెలిసినదే, మార్చే నాథుడు ఉండడు. కొన్ని అయితే గాలిలో వచ్చిన కొత్త ప్రోగ్రామునూ అడ్డూ ఆపూ లేకుండా ఎక్కించుకుంటాయి. కాలేజీ వేదిక మీద మీరు వాయిస్తుంటే మూడో వరసలో కూర్చున్న కుర్రాడు మీ పెడల్‌ను తన చేతిలోకి తీసుకోవచ్చు. ఇక మీరు టైప్ చేసిన ఇంటి వైఫై పాస్‌వర్డ్, ప్రత్యేకంగా ఎన్‌క్రిప్షన్ పెట్టుకుంటే తప్ప, బోర్డు మెమరీలో మామూలు అక్షరాల్లోనే పడి ఉంటుంది. యూఎస్‌బీ తీగ ఉన్నవాడెవడైనా చదివేయగలడు.

ఆ యాప్‌ల సంగతి వేరే చెప్పాలి. లొకేషన్ అడిగితే కొంత అర్థముంది, పాత ఆండ్రాయిడ్లలో చుట్టుపక్కల పరికరాలను వెతకాలంటే అది తప్పదు. రంగు మార్చడానికి నా ఫోన్‌లోని బంధువుల నంబర్లు ఎందుకు? బల్బుకో యాప్, ఫ్యానుకో యాప్, గీజరుకో యాప్. తయారీదారు సర్వర్ మూసేసిన రోజున ఫ్యాను వేగం మార్చడానికి స్టూలెక్కాలి కాబోలు.

మీకు కావలసింది శబ్దానికి స్పందించే దీపాలే అయితే ఎల్‌ఎం3915 అనే పాత చిప్పు చాలు. 10 ఎల్‌ఈడీలు, మెట్టుకు 3 డెసిబెల్స్. ప్రోగ్రామూ లేదు, ఫోనూ లేదు. తొమ్మిదో కాలును సరఫరాకు కలిపితే వరసగా పట్టీలా వెలుగుతాయి, వదిలేస్తే ఒక్క చుక్కే కదులుతుంది. సంకేతం చిన్నది కాబట్టి ముందు కొంత పెంచి ఇవ్వాలి.

రంగులే కావాలన్న పట్టుదల ఉంటే బోర్డు ఉంచుకోండి, ప్రోగ్రాములో వైఫై ఆపేసి పెట్టెకు ఒక బటన్ బిగించండి. దాన్ని ఎప్పుడైనా ఎవరికైనా ఇచ్చేముందు మాత్రం ఫ్లాష్ మెమరీ మొత్తం చెరిపేయండి. కొత్త ప్రోగ్రాము ఎక్కించినంత మాత్రాన పాత పాస్‌వర్డ్ పోదు.